విలన్ కోటుకి లోపలి జేబు

విలన్ కోటుకి లోపలి జేబు పెట్టకుండా బాబాయి కుట్టడు. ఆయనకున్న పిచ్చి అదొక్కటే. మిగతా విషయాల్లో ఆ నాటకశాలలో అంత నిదానమైన మనిషి ఇంకొకడు లేడని, ఆయనతో పడనివాళ్ళు కూడా ఒప్పుకునేవాళ్ళు.

హీరో చొక్కాకి జేబు మర్చిపోతాడు. రాజుగారి అంగీకి పైజేబు పెట్టమంటే "రాజుకి చిల్లరతో పనేముంది" అంటాడు. కానీ దొంగకి, విషం పెట్టే వైద్యుడికి, ఊళ్ళు తగలబెట్టే సేనాపతికి మాత్రం ఎడమ పక్కన, లైనింగు లోపల, సరిగ్గా గుండె మీద జేబు పెడతాడు. అది మిషను మీద కుట్టడు. మెత్తటి గుడ్డ తీసుకుని చేత్తో కుడతాడు. జేబు మూతి కాస్త ఏటవాలుగా ఉంటుంది. చెయ్యి వెతుక్కోకూడదు, తనంతట తానే వెళ్ళాలి అంటాడు. అక్కడితో ఊరుకుంటే ఏదో టైలరు ముచ్చట అనుకోవచ్చు. ఊరుకోడు. ప్రతిసారీ ఆ జేబులో ఏదో ఒక వస్తువు పడేస్తాడు. అదేమిటో ముందుగా చెప్పడు. హాల్లో కూర్చున్నవాళ్ళకి అది కనిపించే అవకాశమే లేదు.

ఒకసారి రాక్షసుడి వేషం వచ్చింది. ఒళ్ళంతా బొచ్చు. బొచ్చులో జేబు పెట్టాడు. ఇంకోసారి చొక్కా లేని బందిపోటు. నడుం పట్టీలో పెట్టాడు. ఆ తరవాత దయ్యం వచ్చింది. తెల్ల దుప్పటి కప్పుకుని వచ్చి అందరినీ భయపెట్టి పోవడమే దాని పని.

"దయ్యానికి జేబెందుకు బాబాయ్?" అని అడిగాడు ఆ దుప్పటి కప్పుకోవాల్సిన మనిషి.

"బతికున్నప్పుడు కుట్టించుకున్నాడులే" అన్నాడు బాబాయి, పెదాల మధ్య సూది తియ్యకుండానే.

అలా అడిగినవాడు మీసాలాయన. ఆ నాటకశాలలో ఏ దుర్మార్గుడు కావాలన్నా ఆయనే. మీసాలాయన అంటారు గానీ ఆయనకి మీసం లేదు. సాయంత్రం జిగురుతో అంటించుకుంటాడు, ఆట అయ్యాక వేడినీళ్ళతో తడిపి ఊడబెరుకుతాడు. ఒడ్డూ పొడుగూ మనిషి. కనుబొమ్మలు రెండూ మధ్యలో కలిసిపోవడం వల్ల, కూరలో ఉప్పు వేశానా లేదా అని ఆలోచిస్తున్నా ఎవరినో చంపబోతున్నట్టు కనిపిస్తాడు. చేతల్లో మాత్రం బల్లిని చూస్తే కుర్చీ ఎక్కే రకం. పెళ్ళి చేసుకోలేదు. రెండు గదుల ఇంట్లో తల్లీ తనూ ఉంటారు. పొద్దున్నే లేచి తల్లికి కాఫీ కలిపిచ్చి, ఆమె కళ్ళజోడు తుడిచిపెట్టి, సాయంత్రం వెళ్ళి నలుగురిని పొడిచి వస్తాడు.

బాబాయి ఆయనకేమీ చుట్టం కాదు. అందరికీ బాబాయే. ఆయన గది స్టేజీ కిందకి దిగే మెట్ల పక్కన ఉండేది. ఒక కుట్టుమిషను, ఒక ఇస్త్రీ బల్ల, కిటికీ ఉండాల్సిన చోట ఒక బల్బు. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క, భుజాల మీద ఎప్పుడూ దారప్పోగులు. ఎవరు మాట్లాడటానికి వచ్చినా మిషను తొక్కడం ఆపడు. మాట నచ్చితే నెమ్మదిగా తొక్కుతాడు, నచ్చకపోతే జోరుగా తొక్కుతాడు. దర్శకుడు వచ్చి కూర్చున్నప్పుడు మాత్రం ఆ గదిలోంచి రైలు వెళ్తున్నట్టు ఉండేది.

దర్శకుడు చదువుకున్నవాడు, మంచివాడు. కాకపోతే ఆయన ఎక్కడ నిలబడితే అక్కడ ఉపన్యాసం మొలుస్తుంది.

"మాస్టారూ, పుస్తకాల్లో గానీ బొమ్మల్లో గానీ చెడుని ఎలా చూపిస్తారో ఎప్పుడైనా గమనించారా? చెడు అంటే ఒక చీకటి. ఒక శూన్యం. దానికి ఊరూ పేరూ ఉండవు. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో చూసేవాడికి తెలియకూడదు. తెలిస్తే భయం పోతుంది. అలాంటి చీకటికి మీరు జేబు కుడుతున్నారు."

రైలు ఆగింది.

"చీకటి కొలతలు ఇవ్వండి డైరెక్టరుగారూ. జేబు లేకుండా కుడతాను."

"అదేం మాటండీ?"

"మీరు పంపిన చీకటికి కుడి భుజం కాస్త కిందకి ఉంది. కూర్చుంటే పొట్ట దగ్గర బొత్తాం లాగేస్తోంది. మెడ వెనక చెమటపొక్కులు, అందుకని కాలరుకి గరుకు గుడ్డ వెయ్యొద్దన్నాడు. ఇన్ని ఉన్నాక వాడు మనిషే. మనిషన్నాక ఇంట్లోంచి వచ్చేటప్పుడు జేబులో ఏదో ఒకటి పడేసుకుని వస్తాడు."

"చివరికి వాణ్ణి చంపేస్తున్నాం గదా."

"చంపుకోండి. జేబు మీద మాత్రం పొడవకండి. మళ్ళీ కుట్టాలంటే చాలా పని."

దర్శకుడు ఈ మాటకి పడీపడీ నవ్వి వెళ్ళిపోయాడు. కష్టాలు మిగిలింది మీసాలాయనకి.

సేనాపతి వేషంలో ఒక ఘట్టం ఉంది. ఊరిని తగలబెట్టమన్న ఆజ్ఞాపత్రాన్ని కోటులోంచి తీసి సైనికుల ముందు విసిరెయ్యాలి. మీసాలాయన కళ్ళెర్రజేసి కోటులో చెయ్యి పెట్టాడు. చేతికి కాయితం బదులు బొంగరం వచ్చింది. వేళ్ళతో తిప్పే చిన్న చెక్క బొంగరం, రంగు సగం పోయింది. ఏం చెయ్యాలో తోచక బిగుసుకుపోయాడు. కానీ ఆయన వేళ్ళు ఆయన్ని అడక్కుండానే దాన్ని మెలితిప్పి వదిలేశాయి. బొంగరం స్టేజీ చెక్కల మీద పడి గిర్రున తిరగడం మొదలెట్టింది. కాగడాలు పట్టుకున్న సైనికులు దాన్నే చూస్తూ నిలబడ్డారు. చావడానికి సిద్ధంగా ఉన్న ఊరివాళ్ళూ మెడలు చాచి చూశారు. అది తిరిగి తిరిగి, తూలి, పక్కకి ఒరిగేదాకా ఆ ఊరు తగలబడలేదు. అది పడిపోగానే హాల్లో ఎవరో అయ్యో అన్నారు. ఊరు తగలబడుతున్నప్పుడు ఎవరూ అనలేదు.

"పరువు తీశావు గదా బాబాయ్."

"ఎంతసేపు తిరిగింది?"

"తిరగడం సంగతి కాదు నేను అడుగుతున్నది."

"చాలాసేపే తిరిగిందట. వేళ్ళకి పాత అలవాటు పోదులే" అని బాబాయి దారం కొరికేశాడు.

విషం కలిపే వైద్యుడి వేషంలో ఇంకా ఘోరం. గాజు గ్లాసులో విషం కలపడానికి పెట్టిన చెంచా ఎవరో మర్చిపోయారు. కంగారులో జేబులో చెయ్యి పెడితే చెక్క చెంచా దొరికింది. అంత పెద్ద చేతిలో అంత చిన్న చెంచా. అంచు ఎవరో కొరికినట్టు అరిగిపోయి ఉంది. దాంతోనే కలిపాడు. విషం తాగాల్సిన అమ్మాయి తల వంచి, పెదాలు కదపకుండా, "దీంతో అయితే రేపటిదాకా కలుపుతారేమో, కొంచెం తొందరగా" అంది.

మేడ గదిలో నిద్రపోతున్న పిల్లవాడి గొంతు నులిమే వేషం ఇంకొకటి. మీసాలాయన వంగబోతూ, తనకి తెలియకుండానే జేబులో చెయ్యి పెట్టాడు. వేలికి మెత్తగా ఏదో తొడుక్కుంది. ఊలు మేజోడు. పసిపిల్లలది. ఆయన వేలు అందులో సరిగ్గా పట్టింది. బయటికి రావడం లేదు. ఒక చేత్తో ఎలా నులమాలో తెలియక, గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఆ పిల్లవాడి వైపు చూస్తూ అలాగే నిలబడిపోయాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది. మర్నాడు పత్రికలో రాశారు: "హంతకుడి ఆ మౌనంలో ఒక జన్మకి సరిపడా యుద్ధం కనిపించింది." దర్శకుడు ఆ ముక్కని కత్తిరించి గోడకి అంటించాడు. ఆ మౌనం తను చెప్పిందే అన్నాడు. ఆ రోజు నుంచి ఆ మౌనం నాటకంలో భాగమైపోయింది. మీసాలాయన రోజూ ఆ మేజోడులో వేలు పెట్టుకుని నిలబడేవాడు. పెట్టుకున్నంతసేపూ ఏదో జ్ఞాపకం రాబోయి ఆగిపోతున్నట్టు ఉండేది. ఏమిటో ఆయనకి అంతుబట్టలేదు.

నాటకం తీసేసిన మర్నాడు ఆ వస్తువు జేబులోంచి మాయమయ్యేది.

"ఈ చెత్త ఎక్కణ్ణుంచి తెస్తావు బాబాయ్?"

"ఒక పెట్టె ఉందిలే."

"ఆ పెట్టె పారెయ్యరాదూ?"

"నాది కాదు" అనేవాడు బాబాయి, మిషను జోరు పెంచుతూ.

ఇవన్నీ మీసాలాయన సహించేవాడు. ఆయన బాధ ఇంకొకటి.

ఆయన మొట్టమొదటి వేషం వేసిన రోజున తల్లి చూడటానికి వచ్చింది. ముదురు ఆకుపచ్చ శాలువా కప్పుకుని మూడో వరసలో, నడవ పక్క కుర్చీలో కూర్చుంది. వేషం అనాథల ఇల్లు అమ్మించేసే పెద్దమనిషిది. మీసాలాయన ప్రాణం పెట్టి నటించాడు. ఎంత బాగా నటించాడంటే, పిల్లల్ని వీధిలోకి గెంటే చోట వెనక వరసలోంచి ఒకాయన లేచి, "ఏ తల్లి కన్నదిరా నిన్ను" అని అరిచాడు. హాలంతా చప్పట్లు. విలన్ వేషగాడికి అంతకంటే పెద్ద బహుమానం లేదు. కానీ ఆ చప్పట్లలో ఆకుపచ్చ శాలువా లేచి, తల వంచుకుని, నడవలోంచి తలుపు వైపు వెళ్ళడం స్టేజీ మీంచి ఆయనకి కనిపించింది.

ఇంటికి వచ్చేసరికి తల్లి భోజనం వేడి చేసి ఉంచింది.

"ఆ కుర్చీలు నా నడుముకి పడవురా. ఇంక రానులే" అంది.

ఆ తరవాత ఎన్ని నాటకాలు వచ్చినా ఆమె గడప దాటలేదు. అలాగని పట్టించుకోకుండానూ ఉండలేదు. "ఇవాళ ఏ రంగు కోటు? చంకల దగ్గర పట్టెయ్యడం లేదు గదా? జనం బాగా వచ్చారా?" అని అడిగేది. కథ మాత్రం అడిగేది కాదు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా కిటికీ దగ్గర నిలబడేది. మలుపులో ఆయన వెనక్కి తిరిగి చూసేవాడు. ఒక్కసారి నాతో వస్తే బాగుండునని ఆయనా, ఒక్కసారి రమ్మంటే బాగుండునని ఆమే అనుకునేవాళ్ళేమో. ఇద్దరూ పైకి అనలేదు.

తెరకి ఒక చిన్న చిరుగు ఉండేది. ఆట మొదలయ్యే ముందు మీసాలాయన ఆ చిరుగుకి కన్ను ఆనించి మూడో వరసలో నడవ పక్క కుర్చీ చూసేవాడు. హీరో వాళ్ళమ్మ స్నేహితురాళ్ళని వెంటబెట్టుకుని వచ్చి, ముందు వరసలో కూర్చుని, కొడుకు స్టేజీ మీదకి రాకముందే చప్పట్లు కొట్టేది. మీసాలాయన చూసే కుర్చీలో ఎవరెవరో కూర్చునేవాళ్ళు. ఒకసారి ఎవరో గొడుగు పెట్టారు. ఆ రోజంతా ఆయన గొడుగు కోసం నటించాడు.

ఆయనకి ఒకటే తోచింది. ఒక్క మంచివాడి వేషం దొరికితే చాలు, అమ్మ వస్తుంది. ప్రతి కొత్త నాటకానికీ దర్శకుడి దగ్గరికి వెళ్ళి నిలబడేవాడు.

"ఈసారి నాకు మంచివాడి వేషం ఇప్పించండి."

"ఇస్తాను. ఆ కనుబొమ్మలు ఎక్కడ దాస్తారు?"

"గీయించుకుంటాను."

"గీయించుకుంటే ఇంకా భయంగా ఉంటుందండీ. ఏదో తప్పు చేసి జుట్టు తీయించుకున్నవాడిలా ఉంటారు."

అలా ఎన్నో ఏళ్ళు గడిచాయి. చివరికి ఆయన మొర ఆలకించినవి గవదబిళ్ళలు. కొత్త నాటకం మొదలవబోతుందనగా హీరోకి రెండు దవడలూ గుమ్మడికాయల్లా ఉబ్బిపోయాయి. టికెట్లు అమ్మేశారు. మాటలన్నీ నోటికి వచ్చిన మనిషి ఇంకొకడే ఉన్నాడు. ఎండిపోయిన ఊరికి కాలవ తవ్వించి నీళ్ళు తెచ్చే ఇంజనీరు వేషం మీసాలాయనకి దక్కింది. కాలవని అడ్డుకునే దుర్మార్గుడి వేషం టికెట్లమ్మే గుమాస్తాకి ఇచ్చారు. అతను చాలా మర్యాదస్తుడు, తిట్టే ముందు గొంతు సవరించుకుని క్షమించండి అనేవాడు.

మీసాలాయన ఆ రోజు ఇంటికి పరిగెత్తుకుంటూ వెళ్ళాడు.

"అమ్మా, మంచివాడి వేషం. నీళ్ళు తెస్తాను. అందరూ దండం పెడతారు. వస్తావు గదా?"

తల్లి ఆయన మొహం చూసింది. ఎన్నేళ్ళ నుంచో ఆ మాట కోసం ఆయన తిరుగుతున్నాడని ఆ మొహమే చెప్పింది.

"ఆ కుర్చీలు మార్చారా?" అంది.

"మెత్తటివి వేశారు."

"అయితే వస్తాను."

కోటు తొడుక్కుని చూసుకునేందుకు ఆయన బాబాయి గదికి వెళ్ళాడు. తెల్లటి కోటు, భుజాల దగ్గర పోసినట్టు కూర్చుంది. అలవాటు కొద్దీ చెయ్యి లోపలికి వెళ్ళింది. చదునుగా లైనింగు తగిలింది.

"బాబాయ్, జేబు మర్చిపోయావు."

"మర్చిపోలేదు."

"ఇన్నాళ్ళూ వద్దు మొర్రో అంటే పెట్టావు."

"మంచివాడికి జేబెందుకురా? వాడు రాగానే చప్పట్లు కొడతారు. వాడు దగ్గితే హాలంతా దగ్గుతుంది. చివర్లో పూలగుత్తి తెచ్చి ఇస్తారు. వాడికి అన్నీ బయటి నుంచే వస్తాయి. అందుకోవడానికి చేతులు ఖాళీగా ఉంటే చాలు."

గుమాస్తా కోటుకి మాత్రం జేబు ఉంది. అందులో ఎర్ర రిబ్బను ముక్క దొరికింది. "మా చిన్నదానికి అచ్చం ఇలాంటిదే ఉండేది, ఎంత పోలికో చూడండి" అని గుమాస్తా అందరికీ చూపించుకు తిరిగాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆట. చిరుగులోంచి చూస్తే మూడో వరసలో, నడవ పక్కన, ఆకుపచ్చ శాలువా. అంచులు వెలిసిపోయాయి గానీ అదే. మీసాలాయన స్టేజీ ఎక్కి మంచితనం కురిపించాడు. పేదవాడి భుజం మీద చెయ్యి వేశాడు. ముసలావిడ మూట మోశాడు. తిట్టినవాణ్ణి క్షమించాడు. గుమాస్తా కూడా క్షమించండి అంటూ ఉండటంతో ఎవరు ఎవరిని క్షమిస్తున్నారో కాసేపు తెలియలేదు. హాల్లో ఒకరు ఆవలించారు. అది పక్కవాళ్ళకి అంటుకుంది. చివరికి కాలవలోకి నీళ్ళు వచ్చి ఊరంతా చిందులు వేస్తున్న ఘట్టంలో, మీసాలాయన చేతులు చాచి మూడో వరస వైపు తిరిగాడు. తల్లి తల ఒక పక్కకి వాలిపోయింది. నోరు కొంచెం తెరుచుకుంది. హాయిగా నిద్రపోతోంది.

చప్పట్లకి మెలకువ వచ్చి తనూ కొట్టింది.

పూలగుత్తి చేత్తో పట్టుకుని తల్లితో కలిసి ఇంటికి నడుస్తున్నాడు. ఎండ ఇంకా ఉంది.

"ఎలా ఉందమ్మా?"

"బాగుంది. కుర్చీ మెత్తగా ఉంది."

"నాటకం సంగతి."

"నీళ్ళొచ్చాయి గదా చివరికి."

"నువ్వు నిద్రపోయావు."

"ఏం చెయ్యనురా. మంచివాడివి రోజూ ఇంట్లో ఉంటావు. కాఫీ ఇస్తావు, కళ్ళజోడు తుడుస్తావు. అదే చూడటానికి టికెట్టు కొనుక్కుని ఇంత దూరం వచ్చానా అనిపించి కళ్ళు మూతలు పడ్డాయి."

ఇంటి తాళం తీస్తుంటే ఆమే అంది: "అయినా ఈసారి అన్నయ్యగారు రాలేదేం? కోటుకి జేబు పెట్టలేదా?"

తాళంచెవి తాళంలోనే ఉండిపోయింది. "ఏ అన్నయ్యగారు?"

"మీ టైలరుగారు. వేషం ఖాయం కాగానే వస్తారు గదా ఎప్పుడూ." అనేసి ఆమె నాలిక కరుచుకుంది. "చెప్పకూడదన్నారు. ముసలిదాన్ని, నోరు జారింది."

ఇక దాచి లాభం లేదని అలమరలోంచి రేకుపెట్టె తెచ్చి ఆయన ముందు పెట్టింది. మూత తీశాడు. రంగు సగం పోయిన బొంగరం. కొరికిన చెక్క చెంచా. ఊలు మేజోడు, ఒకటే. దుప్పటి అంచు ముక్క. తెల్ల బొత్తాం. ఇంకా ఎన్నో. ప్రతిదీ ఏదో ఒక దుర్మార్గుడి గుండె మీద ఆయన మోసిందే.

"ఇవన్నీ మనవా?"

"నీవి. ఆ చెంచా నీకు పళ్ళు వస్తున్నప్పుడు కొరికింది. ఆ బొంగరం పట్టుకుని బడికి వెళ్ళి దెబ్బలు తిన్నావు. ఆ బొత్తాం నీ మొదటి చొక్కాది."

"మరి నాకు తెలియలేదేం?"

"నీ చొక్కా బొత్తాం నువ్వెప్పుడు కుట్టుకున్నావు గనక తెలియడానికి?"

అప్పుడు చెప్పింది. ఆ మొదటి ఆట మర్నాడు పొద్దున్నే, కొడుకు నీళ్ళు పట్టడానికి వెళ్ళినప్పుడు, కోటు చేతి మీద వేసుకుని టైలరు తలుపు తట్టాడు. "నిన్న మూడో వరసలోంచి లేచి వెళ్ళింది మీరే గదమ్మా" అన్నాడు. "తప్పు వాడిది కాదు, మీదీ కాదు. వేషం బాగా కుదిరింది, అందుకే ఆయనెవరో అరిచాడు. రేపూ అరుస్తారు. ఈ కోటుకి లోపల జేబు పెట్టాను. ఇంట్లో వాడిది చిన్నది ఏదైనా ఉంటే ఇవ్వండి. ఆ మాట మళ్ళీ ఎవరైనా అడిగితే జవాబు వాడి దగ్గర ఉండాలి" అన్నాడు. ఆమె వెతికి బొత్తాం ఇచ్చింది. "ఏమిటో వాడికి చెప్పకండి, తెలిస్తే స్టేజీ మీద మెత్తబడిపోతాడు, పని చెడుతుంది" అని మరీ మరీ చెప్పి వెళ్ళాడు.

"నేను రాలేకపోయాను గానీ, ఏదో ఒకటి నీతో పంపుతున్నాను గదా అనుకునేదాన్ని" అంది తల్లి, పెట్టె మూత వేస్తూ.

మర్నాడు మీసాలాయన మెట్లు దిగి బాబాయి గదికి వెళ్ళాడు. గుమ్మంలో నిలబడ్డాడు.

"పెట్టె చూశాను బాబాయ్."

మిషను జోరందుకుంది. "ఏ పెట్టె?"

"మా ఇంట్లో పెట్టె."

"జేబు ఖాళీగా ఉంటే కోటు సరిగా వేలాడదురా. లోపల కాస్త బరువుండాలి. అది టైలరింగు. మీ అమ్మ పెద్దది చేసి చెప్పి ఉంటుంది."

"మరి ఆ గుమాస్తా కూతురి రిబ్బను?"

"అదీ టైలరింగే. తప్పుకో, వెలుగుకి అడ్డం వస్తున్నావు."

వెలుగు బల్బు నుంచి వస్తోంది. బల్బు నెత్తి మీద ఉంది. మీసాలాయన అయినా తప్పుకున్నాడు.

హీరో దవడలు తగ్గాయి. కొత్త నాటకంలో మీసాలాయన మళ్ళీ దుర్మార్గుడు. ఈసారి సొంత అన్నని చెరసాలలో పెట్టి రాజ్యం ఏలేవాడు. దర్శకుడు తప్పు చేసినవాడిలా వచ్చి ఈ సంగతి చెబితే, మీసాలాయన ఆయన చేతులు పట్టుకుని ఊపేశాడు. ఇంటికి వెళ్ళి తల్లితో అన్నాడు: "ఈసారి రా అమ్మా. నా అసలు పని చూద్దువు గాని."

"మళ్ళీ ఎవరైనా అరిస్తే?"

"అరవకపోతే నా పని బాగాలేనట్టు."

"చూద్దాంలే" అంది. వస్తాననలేదు. ఆట రోజున కిటికీ దగ్గర నిలబడింది. మలుపులో ఆయన వెనక్కి తిరిగి చూసి, ఇక అడక్కూడదనుకున్నాడు.

ఆ సాయంత్రం తెర చిరుగు దగ్గరికి వెళ్ళబుద్ధి కాలేదు. నల్ల కోటు తొడుక్కుని, మీసం అంటించుకుని తిన్నగా స్టేజీ ఎక్కాడు. అన్నని గొలుసులతో ఈడ్పించాడు. వదిన ఏడుస్తుంటే నవ్వాడు. హాలు రగిలిపోతోంది. అన్న కళ్ళు పొడిపించే ఆజ్ఞ ఇవ్వబోతూ, ఈసారి ఏం దొరుకుతుందో, గుర్తుపడతానో లేదో అని ఆశగా కోటులో చెయ్యి పెట్టాడు.

జేబు ఉంది. మెత్తటి గుడ్డ, ఏటవాలు మూతి. లోపల ఏమీ లేదు.

మళ్ళీ తడిమాడు. మూలల దాకా తడిమాడు. ఖాళీ. పక్క తెర చాటున బాబాయి నిలబడి ఉన్నాడు, పెదాల మధ్య సూదితో. మీసాలాయన కళ్ళతోనే అడిగాడు. బాబాయి గడ్డం ఎత్తి హాలు వైపు చూపించాడు.

మూడో వరస. నడవ పక్క కుర్చీ. ఆకుపచ్చ శాలువా. ఈసారి కళ్ళు మూతలు పడలేదు. కుర్చీ అంచుకి జరిగి, తుడిచిపెట్టిన కళ్ళజోడులోంచి ఆయన్నే చూస్తోంది.

మీసాలాయన ఆమె వైపు చూస్తూనే, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా, ఎప్పుడూ లేనంత క్రూరంగా ఆజ్ఞ ఇచ్చాడు. రెండో వరసలో ఒక బొద్దుపాటి మనిషి కోపం పట్టలేక లేచి నిలబడ్డాడు.

"ఏ తల్లి కన్నదిరా నిన్ను" అని అరిచాడు.

చప్పట్లు మొదలయ్యేలోపు ఆయన వెనక నుంచి ఒక ముసలి గొంతు, ఏ తొందరా లేకుండా, హాలంతా వినిపించేలా అంది:

"నేనే బాబూ. నువ్వు కాస్త కూర్చో, మావాడు కనిపించడం లేదు."

హాలు నవ్వులతో పగిలిపోయింది. బొద్దుపాటి మనిషి కూర్చోబోయి, లేచి, ఆమెకి దండం పెట్టి మళ్ళీ కూర్చున్నాడు. గొలుసుల్లో ఉన్న అన్న నవ్వాడు. కళ్ళు పొడవాల్సిన భటుడు నవ్వాడు. దుర్మార్గుడు అందరికంటే ఎక్కువ నవ్వాడు. అది విలన్ నవ్వు కాదని దర్శకుడు తరవాత అన్నాడు గానీ, ఉంచేద్దామని కూడా అన్నాడు. ఆ నవ్వుకి కోటు కుడి చంక దగ్గర కుట్లు పర్రున పిగిలాయి.

మర్నాడు బాబాయి ఆ కోటు ఒళ్ళో వేసుకుని చంక కుడుతున్నాడు. మిషను మీద కాదు, చేత్తో. మీసాలాయన ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చున్నాడు.

"జేబులో ఏమీ పెట్టకుండా నన్ను చంపేశావు బాబాయ్."

"నేనేం చెయ్యను. ఎప్పటిలాగే మీ ఇంటికి వెళ్ళాను. మీ అమ్మ పెట్టె అంతా వెతికింది. ఇందులో ఉన్నవన్నీ తలా ఒకసారి నాటకానికి వెళ్ళొచ్చాయి అన్నయ్యగారూ, ఇంక వెళ్ళనిదాన్ని నేనొక్కదాన్నే అంది."

"మరి?"

బాబాయి దారం కొరికి, కోటు దులిపి, ఆయన చేతిలో పెట్టాడు.

"జేబులో పట్టదు గదా. హాల్లో కూర్చోబెట్టాను."